భూమి నీడ కొలిచిన రాత్రి: శ్రీకాకుళం మేడ మీద 300 ఎం.ఎం. లెన్సుతో ఒక చంద్రగ్రహణం

2025 సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి, ఆదివారం. మర్నాడు పొద్దున్న ఎవరి ఫోన్ తెరిచినా ఎర్ర చందమామే. నా మెమరీ కార్డులోనూ ఎర్రవి ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. ఆ రాత్రి నేను పెట్టుకున్న అసలు పని వేరే. పాక్షిక గ్రహణంలో చంద్రుడి మీద వంపుగా కనబడే అంచు మన భూమి నీడది. ఆ నీడ చంద్రుడికంటే చాలా పెద్దది కాబట్టి ఏ ఫోటోలో చూసినా దాని ముక్కే దొరుకుతుంది. పట్టేటప్పుడు కొన్ని, విడిచేటప్పుడు కొన్ని తీసి, ఒక్కో చంద్రుణ్ణి దాని అసలు చోట పేరిస్తే, ముక్కలన్నీ కలిసి గుండ్రటి నీడ అవ్వాలి. విరిగిన చేతి గాజు ముక్క చూసి గాజు సైజు చెప్పడం లాంటి పని.

సరుకు చాలా మామూలుది. 24 మెగాపిక్సెళ్ల ఎంట్రీ లెవెల్ నికాన్ డీఎస్ఎల్ఆర్, ఎఫ్/4.5–5.6 70–300 జూమ్, ఒక ట్రైపాడ్, కెమెరాని ముట్టుకోకుండా క్లిక్ చేయడానికి ఒక కేబుల్ రిలీజ్. టెలిస్కోపు లేదు, ఆకాశంతో పాటు తిరిగే ట్రాకర్ లేదు. ఇంతమాత్రం సామానుతో నీడ చక్రం వస్తుందా, వస్తే దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఈ కేసు.

ఆ రాత్రి టైములు మన లెక్కలో ఇవి. 9.57కి నీడ చంద్రుణ్ణి తాకింది. 11.01కి పూర్తిగా మింగేసింది. 11.42కి నడిగ్రహణం. 12.23కి విడవడం మొదలై, 1.26కి చంద్రుడు నీడలోంచి బయటపడ్డాడు. అంటే సంపూర్ణ దశ 82 నిమిషాలు. దానికి ముందూ వెనకా గంటా నాలుగేసి నిమిషాలు పాక్షిక దశ. నాకు కావాల్సింది ఆ రెండు గంటలు. ఎక్కువమంది కెమెరా పక్కన పెట్టి టీ తాగేది కూడా ఆ రెండు గంటల్లోనే.

చోటు విషయంలో మా వాళ్లతో కాస్త వాదన జరిగింది. ఒకరు కళింగపట్నం పోదాం, లైట్‌హౌస్ పక్కన చంద్రుణ్ణి పెట్టి తీద్దాం అన్నారు. ఇంకొకరు శాలిహుండం కొండ అన్నారు. రెండూ మంచి చోట్లే, ఈ గ్రహణానికి మాత్రం పనికిరావు. సంపూర్ణ దశ నడిమికి వచ్చేసరికి శ్రీకాకుళంలో చంద్రుడు దక్షిణాన 65 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, దాదాపు నెత్తి మీదే. అంత ఎత్తున్న చంద్రుడితో లైట్‌హౌస్‌ని 300 ఎం.ఎం. ఫ్రేములో కలపడం జరిగే పని కాదు. సముద్రం గాలికి ట్రైపాడ్ ఊగుతుంది, లెన్సు మీద ఉప్పు తేమ పేరుకుంటుంది. ఊరి లైట్లు నక్షత్రాలకి అడ్డం గాని చంద్రుడికి కాదు. కళింగపట్నం వెళ్లాల్సిన గ్రహణం 2022 నవంబరు 8న, కార్తీక పౌర్ణమి నాడు వచ్చింది. సంపూర్ణ దశ సాయంత్రం 5.12కి ముగిసింది, మనకి చంద్రోదయం ఆ కాసేపటికే. గ్రహణం పట్టిన చంద్రుడే సముద్రంలోంచి పైకొచ్చాడు. ఈసారికి నాగావళి దగ్గర్లో ఉన్న మా మేడే చాలనుకున్నాను.

మేడ మీద ట్రైపాడ్ పెట్టేవాళ్లకి ఒక మాట. స్లాబు గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. ఎవరైనా నడిస్తే మాత్రం 300 ఎం.ఎం. దగ్గర లైవ్ వ్యూ పది రెట్లు పెంచి చూడండి, చంద్రుడు వణుకుతుంటాడు. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగకుండా, నడిమి కడ్డీ అసలు లేపకుండా, కింద సంచిలో నాలుగు ఇటుకలు వేసి వేలాడదీశాను. లెన్సు అంత పైకి చూస్తుంటే ట్రైపాడ్ తల పిడి వచ్చి కాలికి తగులుతుంది, తలని వెనక్కి తిప్పి బిగిస్తే ఆ ఇబ్బంది ఉండదు. పాత జూమ్ లెన్సుకి ఇంకో రోగం ఉంది. పైకెత్తితే బరువుకి తనంతట తానే జారి 300 కాస్తా 270 అయిపోతుంది. కొలత కోసం తీసే ఫోటోల్లో మధ్యలో సైజు మారితే అంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకని జూమ్ రింగుకి ఎలక్ట్రీషియన్ టేపు చుట్టేశాను. ఫోకస్ రింగుకీ అదే మందు. ఫోకస్ మాత్రం చంద్రుడి మీద చేయలేదు. పౌర్ణమి చంద్రుడి మీద గోతుల నీడలు ఉండవు కాబట్టి అంచు పదునుగా ఉందో లేదో కంటికి అంత బాగా తెలీదు. ఆ రాత్రి చంద్రుడికి ఎడమ పక్కన కాస్త దూరంలో శని ఉన్నాడు. శనిని అన్నిటికంటే చిన్న చుక్కగా కనబడేదాకా తిప్పి, టేపు వేసి, మళ్లీ చంద్రుడి మీదకి వచ్చాను.

ఏసీ గదిలోంచి లెన్సు తిన్నగా బయటికి తెస్తే భాద్రపదం గాలికి నిమిషంలో మసకేస్తుంది. అందుకే సంచీ సాయంత్రం నుంచీ మేడ మెట్ల దగ్గరే ఉంది. అది అక్కడ ఉండడం వల్ల మా అమ్మ కంట పడింది. ఆవిడ అప్పటికి ఊరగాయ జాడీల మీద, పాల గిన్నె మీద దర్భలు వేసే పనిలో ఉంది. "ఏటిరా, గ్రహణం పట్టకముందే అన్నం తినీమంటే ఇనవు" అంటూనే ఒక దర్భపోచ తెచ్చి కెమెరా సంచి జిప్పులో దూర్చింది. ఏంటమ్మా ఇది అంటే, "దానికి మాత్రం మైల అంటదేటి" అంది. తీయలేదు, రాత్రంతా అలాగే ఉంది.

ఇక షట్టర్ స్పీడు. ట్రాకర్ లేనివాడికి ఇదే అసలు గొడవ. భూమి తిరుగుడు వల్ల చంద్రుడు సెకనుకి సుమారు 15 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) జరుగుతాడు, రెండు నిమిషాల్లో తన వెడల్పంత దూరం పోతాడు. నా కెమెరాలో ఒక పిక్సెల్ 3.9 మైక్రాన్లు, 300 ఎం.ఎం. దగ్గర అది 2.7 ఆర్క్‌సెకన్లు. అంటే ఒక సెకను ఎక్స్‌పోజర్‌లో చంద్రుడు ఐదారు పిక్సెళ్లు జారతాడు. అర సెకనుకి దాదాపు మూడు, పావు సెకనుకి ఒకటిన్నర. ఆ రోజు ఫ్రేములో చంద్రుడి వెడల్పు 700 పిక్సెళ్ల పైచిలుకు. కాబట్టి కొలత ఫోటోలకి పావు సెకను దాటకూడదని, ఎర్ర ఫోటోలకి అర సెకను దాకా ఓర్చుకోవచ్చని ముందే గీత గీసుకున్నాను. గ్రహణానికి రెండు సెకన్లు, నాలుగు సెకన్లు పెట్టమని చెప్పే పట్టికలు ట్రాకర్ ఉన్నవాళ్లవి. ట్రైపాడ్ మీద అవి పెడితే చంద్రుడు కోడిగుడ్డు ఆకారంలో వస్తాడు.

వెలుగు ఎంత పడిపోతుందో చెప్తే కొత్తవాళ్లు నమ్మరు. గ్రహణానికి ముందు నిండు చంద్రుడికి ఎపర్చర్ (లెన్సు కన్ను తెరుపు) ఎఫ్/8, ఐఎస్ఓ (సెన్సర్ చురుకు) 100, షట్టర్ 1/250 సెకను సరిపోయింది. నడిగ్రహణంలో ఎఫ్/5.6, ఐఎస్ఓ 3200, అర సెకను పెట్టాల్సి వచ్చింది. ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు. షట్టర్‌లో ఏడు స్టాపులు, ఐఎస్ఓలో ఐదు, ఎపర్చర్‌లో ఒకటి, మొత్తం 13. వెలుగు ఎనిమిది వేల రెట్లకు పైగా తగ్గిందన్నమాట. ఆటో మోడు ఈ దారిలో ఎక్కడో ఒకచోట చేతులెత్తేస్తుంది. ఫోన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటిలో కొన్ని చంద్రుడి మచ్చలు తామే దిద్ది ఇస్తున్నాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి, కొలతకి దండగ.

పాక్షిక దశలో ఎక్స్‌పోజర్ ఎంచుకోవడం అందం విషయం అనుకుంటారు. వెలిగే భాగం బాగా రావాలంటే తక్కువ, నీడలో ఉన్న ఎరుపు కనబడాలంటే ఎక్కువ. నీడని కొలవాలంటే ఇది అందాన్ని దాటిపోతుంది, ఎందుకంటే నీడకి గీత లాంటి అంచు లేదు. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. కాబట్టి చిక్కటి నీడ చుట్టూ ఉపచ్ఛాయ, అంటే పల్చటి నీడ, ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట వెలుగు మెట్టుగా కాకుండా వాలుగా పడుతుంది. 1/500 పెడితే ఉపచ్ఛాయ లోపలి పట్టీ కూడా నల్లగా వచ్చి నీడ పెద్దదైనట్టు కనిపిస్తుంది. 1/15 పెడితే ఆ పట్టీ తెల్లబడి అంచు వెనక్కి పోతుంది, నీడ చిన్నదవుతుంది. ఒకే చంద్రుడు, ఒకే నిమిషం, ఫోటోలు రెండు, నీడలూ రెండు. నెట్‌లో దొరికే నీడ చక్రం బొమ్మలు చాలావాటిలో ఒక్కో చంద్రుడికి ఒక్కో ఎక్స్‌పోజర్ ఉంటుంది. గోడకి తగిలించుకోవడానికి బాగుంటాయి గాని, ఆ చక్రం వెడల్పుకి అర్థం లేదు.

అందుకని పాక్షిక దశ అంతా రెండే సెట్టింగులు పెట్టుకున్నాను. రెండూ ఎఫ్/8, ఐఎస్ఓ 400. ఒకటి 1/500, రెండోది 1/15. ప్రతి ఐదు నిమిషాలకీ ఈ జంట తీయాలి, ఏది ఎలా కనబడినా మార్చకూడదు. వైట్ బ్యాలెన్స్ డేలైట్ మీద కట్టేశాను, ఫైళ్లు రా (RAW) రకం, కెమెరా దిద్దనివి. లెన్సులోని వణుకు ఆపే స్విచ్చు ఆఫ్, ట్రైపాడ్ మీద అది సాయం చేయకపోగా తనే కదుపుతుంది. కెమెరా గడియారాన్ని నమ్మకుండా, మొదట్లోనూ చివర్లోనూ ఫోన్లో సెకన్లతో సహా టైము చూపించి దానికొక ఫోటో తీశాను. తేడా ఎంతో ఇంట్లో చూసుకోవచ్చు.

టైము పిలవడం మా మేనల్లుడి పని. ఇంటర్ చదువుతున్నాడు, కుదురుగా కూర్చోవడం వాడికి శిక్ష. పదిన్నర తర్వాత మబ్బు వచ్చింది. భాద్రపదంలో మన తీరాన మబ్బు రాకపోతే ఆశ్చర్యపోవాలి. "మావయ్యా, సన్నటి మబ్బే కదా, కనబడుతున్నాడు కదా, తీసేయొచ్చు కదా" అని వాడి గోల. తీశాం, ఆపలేదు. కానీ ఆ ఫ్రేములు లెక్కలోకి రావని వాడికి చెప్పాను. పల్చటి మబ్బు వెలుగుని తినేస్తుంది. 1/15 ఫోటో కాస్తా 1/60 ఫోటోలా ప్రవర్తిస్తుంది, అంచు మళ్లీ జరుగుతుంది. మబ్బు ఉందో లేదో తర్వాత తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. నీడ ఇంకా తాకని అంచు దగ్గర వెలుగు విలువ చూసి, మబ్బులేని ఫ్రేములతో పోల్చాలి. తేడా కనబడిన జంటలన్నీ పక్కన పడేశాను. పట్టేటప్పటివాటిలో 10.20 దగ్గరిది శుభ్రంగా మిగిలింది. విడిచేటప్పుడు ఆకాశం దయ తలచింది. వాటిలోంచి 1.05 దగ్గరిది తీసుకున్నాను. నడిగ్రహణానికి అటూ ఇటూ దాదాపు సమాన దూరంలో ఉన్నాయి కాబట్టి ఈ జంట మంచి జంట.

సంపూర్ణ దశ గురించి కొంచెం. 11.01కి ముందు రెండు మూడు నిమిషాలు అంచుని జాగ్రత్తగా చూడండి. ఎరుపుకీ తెలుపుకీ మధ్య పల్చటి నీలం పట్టీ వస్తుంది. భూమి వాతావరణం పై పొరల్లోంచి వంగి వచ్చే వెలుగులో ఎరుపుని ఓజోన్ పీల్చుకుంటుంది, నీలం మిగులుతుంది. కింది పొరల్లోంచి వచ్చే వెలుగులో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఈ రెండూ ఒకే ఫ్రేములో దొరికేది ఆ కాసేపే. తర్వాత 12.23 దాటాక మరో కాసేపు. నా దగ్గరున్న రంగు ఫోటోల్లో బాగున్నవి ఇవే. నడిగ్రహణంవి వీటికి తీసికట్టు.

నడిగ్రహణంలో చంద్రుడు నీడ నడిబొడ్డుకి కాస్త దక్షిణంగా పోయాడు. అందుకే పై సగం ఇటుక రంగు ముదిరి, కింది అంచు లేత నారింజగా కనిపించింది. ఐఎస్ఓ 3200 దగ్గర ఈ కెమెరా గరుగ్గా ఇస్తుంది. వరసగా 16 తీసి ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే గరుకు నాలుగో వంతుకి పడిపోతుంది. ఒక్కటే రెండు సెకన్లు తీసేకంటే అర సెకనువి పదహారు తీయడం ఎప్పుడూ మేలు. జారుడు తక్కువ, మధ్యలో ఎవరైనా మేడ మెట్లెక్కితే ఆ ఒక్క ఫ్రేమే పోతుంది. ఎరుపు ముదురు, లేత ప్రతి గ్రహణానికీ ఒకేలా ఉండవు. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలాక 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు కంటికి ఆనడమే కష్టమైంది. కాబట్టి ఎవరి సెట్టింగులూ, నావి కూడా, వేదం కాదు. ఒకటి తీసి, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) చూసి, ఐఎస్ఓ సర్దుకోండి.

ఇంట్లో కంప్యూటర్ ముందు పని రెండు ముక్కల్లో అయిపోతుందనుకున్నవాళ్లకి ముందుగా ఎదురయ్యేది తిరుగుడు. ట్రైపాడ్ మీద కెమెరా నేలకి సమంగా ఉంటుంది, ఆకాశం ఉండదు. చంద్రుడు తూర్పున ఉన్నప్పుడు ఒక వాలుగా, పడమటికి మళ్లాక ఇంకో వాలుగా కనబడతాడు. చంద్రుడు నెత్తికి దగ్గరగా పోయే కొద్దీ ఈ తిరుగుడు జోరెక్కుతుంది. ఆ రాత్రి నడినెత్తిన దాటేటప్పుడు మన దగ్గర గంటకి 30 డిగ్రీల పైనే తిరిగింది. 10.20 ఫోటోకీ 1.05 ఫోటోకీ మధ్య చంద్రుడి ముఖం 75 డిగ్రీల దాకా గడియారం ముల్లు దిశలో తిరిగిపోయింది. ఢిల్లీలో తీసినవాళ్లకి చంద్రుడు ఇంకా కింద ఉంటాడు కాబట్టి ఈ బెడద తక్కువ. సరిచేయకుండా పక్కపక్కన పెడితే నీడ ఒకచోట కింద నుంచి, ఇంకోచోట పై నుంచి వచ్చినట్టు ఉంటుంది, చక్రం ఎప్పటికీ కుదరదు.

సరిచేయడానికి రెండు గుర్తులు చాలు. కుడివైపు పైన కోలగా ఒంటరిగా ఉండే నల్లమచ్చ, మేర్ క్రిసియం. కింద కిరణాలు చిమ్ముతున్నట్టుండే టైకో. కాకపోతే 10.20 ఫోటోలో ఒక పక్క నీడలో ఉంటే 1.05 ఫోటోలో రెండో పక్క నీడలో ఉంటుంది, రెండు గుర్తులూ రెండింటిలో తెల్లగా దొరకవు. 1/15 ఫోటోలని గింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో బాగా లేపితే నీడలోని మచ్చలు కూడా లీలగా తేలతాయి. నిండు చంద్రుడి ఫోటో ఒకటి అడుగున పరిచి, మిగతావాటిని దాని మీద సగం పారదర్శకంగా పెట్టి, మచ్చ మీద మచ్చ పడేదాకా తిప్పాను. ఇక్కడ తొందరపడితే లాభం లేదు. అర డిగ్రీ తేడా కూడా చక్రం నడిమిని పక్కకి లాగుతుంది.

తర్వాత నీడ అంచు మీద పైనుంచి కిందకి చాలా చుక్కలు పెట్టి, వాటన్నిటికీ దగ్గరగా పోయే వృత్తం గీయించాను. చంద్రుడి చివరల దగ్గర చుక్కలు పెట్టలేదు. చంద్రుడి అంచూ నీడ అంచూ కలిసే చోట నీడ అంచు అబద్ధం చెప్తుంది. 10.20 ఫోటోకి ఒక వృత్తం, 1.05 ఫోటోకి ఒకటి. రెండు వృత్తాలూ ఒకదాని మీద ఒకటి సరిపోయేలా పొరలని జరిపితే, చంద్రులు ఇద్దరూ తమ అసలు చోట్లలో వచ్చి కూర్చున్నారు.

నిజంగా అసలు చోట్లేనా అని చూసుకోవడానికే గడియారం ఫోటో తీసింది. నీడతో పోలిస్తే చంద్రుడు ఆ రాత్రి గంటకి తన వ్యాసానికి కాస్త ఎక్కువ, 1.03 రెట్లు, జరిగాడు. రెండు ఫోటోల మధ్య రెండు గంటల 45 నిమిషాలు. అంటే చంద్రుల నడిమధ్యల దూరం 2.83 వ్యాసాలు ఉండాలి. నా పొరల్లో 2.8కి కాస్త అటూ ఇటూగా వచ్చింది. అంచు చూసి పేర్చిన పేర్పుని టైము వచ్చి ఒప్పుకోవడం నాకు ఎర్ర ఫోటోలన్నిటికంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

చక్రం వెడల్పు 1/500 ఫోటోల్లో చంద్రుడికి 2.8 రెట్లు, 1/15 ఫోటోల్లో 2.6 రెట్లు. ఆ రాత్రికి లెక్క ప్రకారం రావాల్సింది 2.7 చిల్లర. ఆ లెక్కలో కూడా వాతావరణం వల్ల నీడ లావెక్కుతుందని ఒకటి రెండు శాతం కలుపుతారు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త అరిస్టార్కస్ ఈ నీడ చంద్రుడికి రెండింతలని తీసుకుని చంద్రుడి దూరం లెక్కకట్టాడు. మన ఆర్యభటుడు భూమి నీడే చంద్రుణ్ణి కప్పుతుందని చెప్పి, చంద్రుడి దూరంలో ఆ నీడ వెడల్పు కట్టడానికి సూత్రం కూడా ఇచ్చాడు. వాళ్ల దగ్గర కెమెరా లేదు సరే, నా దగ్గర కెమెరా ఉండి కూడా 2.6 నుంచి 2.8 దాకా ఊగుతున్నాను. ఆ ఊగుడు లెన్సు చిన్నదవడం వల్ల వచ్చింది కాదు, నీడకి పదునైన అంచు లేకపోవడం వల్ల వచ్చింది. 600 ఎం.ఎం. లెన్సు కొన్నా పోదు. ఎవరైనా ఈ పనికోసం పెద్ద లెన్సు కొనాలా అని అడిగితే వద్దనే చెప్తాను. ఆ డబ్బులో కొంత పెట్టి గట్టి ట్రైపాడ్ తల కొనుక్కోండి.

మన దగ్గర నడిరాత్రి ఆకాశంలో మొదట్నుంచి చివరిదాకా కనబడే తర్వాతి సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబరు 31న. నీడ రాత్రి 8.37 ప్రాంతంలో తాకుతుంది, నడిగ్రహణం 10.22కి. మబ్బు బెడద ఇంత ఉండదు, మంచు మాత్రం కురుస్తుంది. లెన్సుకి ఆరుతూ ఉండేలా వెచ్చటి పట్టీ కట్టాలి. దానికి 1/500, 1/15 మధ్యలో 1/60 కూడా కలిపి మూడేసి తీద్దామనుకుంటున్నాను. మూడు వెడల్పులు వస్తే, అంచు దగ్గర వెలుగు ఎంత వాలుగా పడుతుందో గ్రాఫు గీయొచ్చు. టైము పిలవడానికి మాత్రం కొత్త మనిషిని వెతుక్కోవాలి. మా వాడు అప్పటికి ఏ ఊళ్లో చదువుతుంటాడో.